గడ్డకట్టే చలిలో ఆపిల్ మొక్కను కాపాడుకోవడం

అందరికీ నమస్కారం. మైనస్ 30 డిగ్రీల దాకా పడిపోయే చోట పళ్ల చెట్టు బతుకుతుందా అని చాలామంది అడిగారు. బతుకుతుంది. ఇదిగో, ఇదే మొక్క.

ముందు రకం. హారల్సన్, మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1922లో విడుదల చేసింది, చలికి బాగా ఓర్చుకుంటుంది. కింద రూట్‌స్టాక్, అంటే అంటు కట్టే వేరు మొక్క, ఏదో కూడా అడగండి, మర్చిపోకండి. నేనైతే రష్యా రకం ఆంటనోవ్‌కా మీద అంటు కట్టిందే తీసుకుంటాను.

నాటడం మీకు తెలిసిందే. గుంత, వేళ్లు పరచడం, మట్టి, నీళ్లు... అంతే. పల్లంలో మాత్రం వద్దు, చల్లగాలి అక్కడికే దిగి నిలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ కొంచెం ఆగుదాం. నా మొదటి చెట్టు చలికి చచ్చిపోయిందనుకున్నాను. కాదు, ఎండ వల్ల! చలికాలం మధ్యాహ్నం ఎండ నేరుగా కాండం మీద పడుతుంది, మంచు మీద నుంచీ కొడుతుంది. బెరడు వేడెక్కి, లోపలి కణాలు నిద్ర లేస్తాయి. పొద్దు వాలగానే ఒక్కసారిగా గడ్డకడుతుంది, కణాలు చచ్చిపోతాయి. వసంతంలో చూస్తే బెరడు నిలువునా పగిలి ఉంటుంది. ఇలా, ఇటువైపే చూడండి, నైరుతి వైపు. ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా ఇటే పగులుతుంది. రెండేళ్లు పెంచిన చెట్టు, చాలా బాధేసింది.

అందుకే తెల్ల రంగు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, బెరడు వేడెక్కదు. నీళ్లతో కలిపే లేటెక్స్ పెయింట్, సగం పెయింట్, సగం నీళ్లు. ఆయిల్ పెయింట్ వద్దు, అస్సలు వద్దు, బెరడు పాడవుతుంది. శరదృతువులో, తడి లేని రోజు, నేల నుంచి మొదటి కొమ్మల దాకా పూయండి. నాకు బ్రష్ కన్నా స్పాంజి ఇష్టం, ఇలా చుట్టూ తిప్పితే చాలు, పగుళ్లలోకీ వెళ్తుంది. ఇటువైపు ఇంకోసారి... ఆ, ఇలా.

తర్వాత కాండం చుట్టూ ఇనుప జాలీ. ఎలుకలు మంచు కింద నుంచి వచ్చి బెరడు చుట్టూ కొరికేస్తాయి. 6 మిల్లీమీటర్ల కన్ను చాలు, కొంత మట్టిలోకి దించండి. ఎత్తు మాత్రం మంచు పేరుకునే మట్టానికి పైనే ఉండాలి, కుందేళ్లు ఆ మంచు మీద నిలబడి కొరుకుతాయి.

ఎండుగడ్డి పరవండి, కాండానికి తగలకుండా.

ఇక వసంతంలో ఆకులు రాలేదని చెట్టు కొట్టేయకండి. కొమ్మను గోటితో కొంచెం గీరండి. కెమెరా దగ్గరికి తెస్తాను... చూశారా? లోపల పచ్చగా ఉంది, అంటే బతికే ఉంది.