ఎర్రర్ వచ్చినప్పుడు టూల్ ఏమంటుంది? – స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రోజంతా వాడే టూల్స్ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఇంజినీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పే మేడమ్, హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా కోడ్ రాస్తున్న ఇంజినీర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, మంచి టూల్ అని మీరు దేన్నంటారు?

అధ్యాపకురాలు: నేను ఫీచర్లు లెక్కపెట్టనండి. పిల్లలు తప్పు చేసినప్పుడు అది ఏం చెబుతుందో చూస్తాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్లలో బ్రాకెట్ మూయడం మర్చిపోతే చాలాసార్లు కింది లైను చూపించి ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’, అంటే రాసిన తీరు తప్పు, అనేది. ఆ లైనులో తప్పేమీ ఉండదు. పిల్లలు దాన్నే చెరిపి మళ్లీ రాసేవాళ్లు, మళ్లీ అదే ఎర్రర్. అలా ముప్పావు గంట కూర్చుని, ‘నాకు కోడింగ్ రాదు మేడమ్’ అని కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఉంది. ఒక్క బ్రాకెట్ అండీ! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు మారిందా?

అధ్యాపకురాలు: మారింది. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నేరుగా ఆ తెరిచిన బ్రాకెట్ దగ్గరికే వెళ్లి ‘దీన్ని మూయలేదు’ అంటుంది. వేరియబుల్‌కి, అంటే విలువ దాచుకునే చోటుకి, పెట్టిన పేరులో అక్షరం తప్పితే, ‘మీరు రాయాలనుకున్నది ఇదా?’ అని దగ్గరి పేరు చూపిస్తుంది.

ఇంజినీర్: దాని వెనక పెద్ద పనే జరిగింది. అంతకుముందు ఏడాది 3.9లో పార్సర్‌నే, అంటే కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగాన్నే, మార్చేశారు. పాతది ఒక్క టోకెన్, అంటే కోడ్‌లో ఒక్క పదమో గుర్తో, మాత్రమే ముందుకు చూసి నిర్ణయం తీసుకునేది. కొత్తది ఒక దారి కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో దారి చూస్తుంది. దాంతో, జనం మామూలుగా చేసే తప్పులకు కూడా భాష గ్రామర్‌లోనే రూల్స్ రాయడం తేలికైంది.

వ్యాఖ్యాత: ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల సమస్యేనా?

ఇంజినీర్: కాదండీ. జావా అనే భాషలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే ఏమీ లేని (నల్) చోట విలువ ఉందనుకుని వాడితే వచ్చే ఎర్రర్, మా అందరికీ తెలిసిన టెన్షన్. ఆర్డర్ నుంచి కస్టమర్, కస్టమర్ నుంచి అడ్రస్, అక్కణ్నుంచి పిన్‌కోడ్ ఒకే లైనులో తీసుకుంటాం. వాటిలో ఏది నల్ అయిందో చెప్పేది కాదు, లైను నంబరు ఇచ్చి ఊరుకునేది. ఒకసారి రాత్రి రెండింటికి సిస్టమ్ పడిపోయింది. ఆ లైను ముక్కలు చేసి, ఏం జరుగుతోందో రాసిపెట్టే లాగ్‌లు పెట్టి, సిస్టమ్‌లోకి మళ్లీ ఎక్కించి (డిప్లాయ్ చేసి), అది మళ్లీ ఎప్పుడు పడుతుందా అని తెల్లారేదాకా కాచుక్కూర్చున్నాం. ఏ భాగం నల్ అయిందో చెప్పే సదుపాయం 2020 మార్చిలో జావా 14తో వచ్చింది. 15 నుంచి దానంతట అదే ఆన్‌లో ఉంటోంది. జావా బయటికొచ్చింది 1995లో. ఆ ఒక్క వాక్యం కోసం పాతికేళ్లు!

వ్యాఖ్యాత: మరి కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ సంగతి? దాని కమాండ్లు కష్టమని అందరూ అంటారు కదా.

ఇంజినీర్: కష్టమే. అయినా నాకు ఇష్టం. కమిట్ చేసిన పని, అంటే గిట్‌లో భద్రం చేసిన పని, అంత తేలిగ్గా పోదు. బ్రాంచ్‌ని, అంటే విడిగా పనిచేసుకునే శాఖని, డిలీట్ చేసేసినా, నా మెషీన్‌లో ఆ కమిట్ మీద పనిచేసి ఉంటే రిఫ్‌లాగ్ అనే చిట్టాలో మామూలుగా కనీసం 30 రోజులు దొరుకుతుంది. ఆ ధైర్యంతోనే ప్రయోగాలు చేస్తాను.

అధ్యాపకురాలు: కమిట్ చేసినవాళ్లకు ఆ ధైర్యం సార్. బ్రాంచ్ మారడానికీ చెకౌట్ కమాండే, ఫైల్లో మార్పులు పారేయడానికీ చెకౌటే. ఫైలు మీద వాడితే, కమిట్ చేయని పనిని అది అడగకుండా తుడిచేస్తుంది. మా పిల్లల ప్రాజెక్టులు అలా పోయాయి.

ఇంజినీర్: ఒప్పుకుంటాను. 2019 ఆగస్టులో గిట్ 2.23తో ఆ పనుల్ని స్విచ్ (బ్రాంచ్ మారడానికి), రిస్టోర్ (ఫైల్లో మార్పులు పారేయడానికి) అని రెండుగా విడదీశారు. మీరు అవే నేర్పండి మేడమ్.

వ్యాఖ్యాత: ఎర్రర్లు తెలుగులో వస్తే మీ విద్యార్థులకు సులువవుతుందా?

అధ్యాపకురాలు: తెలుగు మీడియం పిల్లలకు భాషే అడ్డం అనుకుంటారు. ‘ఎక్స్‌పెక్టెడ్ ఎక్స్‌ప్రెషన్’ అంటే ఇంగ్లిష్ మీడియం వాళ్లకూ అర్థం కాదండీ. తప్పు కింద గీత గీసి చూపిస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇంజినీర్: రస్ట్ అనే భాష కంపైలర్, అంటే కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్, చేసేది అదే. చేతులు మారిపోయిన విలువను తప్పుగా మళ్లీ వాడితే, అది ఎక్కడ చేతులు మారిందో ఒక గీత, మళ్లీ ఎక్కడ వాడారో ఇంకో గీత. చాలా తప్పులకు ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఇచ్చి అడిగితే చిన్న ఉదాహరణతో పాఠం చెబుతుంది.

అధ్యాపకురాలు: ఆ పాఠాలే ప్రింట్ తీసి మా ల్యాబ్ గోడకు అంటించాను. థర్డియర్ పిల్లలు వాటి కింద పెన్సిల్‌తో తెలుగులో అర్థాలు రాస్తున్నారు.