ఫైలే గోడ మీది ఆఖరి రాత

శ్రోతలకు నమస్కారం. ఈజిప్టు దక్షిణాన అస్వాన్ దగ్గర, నైలు నదిలో ఐసిస్ దేవత ఆలయం ఒకటి ఉంది. పేరు ఫైలే. ప్రధానాలయం కట్టించినది గ్రీకు వంశపు టాలమీ రాజులు. ఆ తరువాత రోమన్ చక్రవర్తులు తమ వంతు కట్టించారు. దక్షిణం నుంచి నూబియన్లు మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవారు. అంత చరిత్రకు ఇప్పుడు సమయం లేదు. ఒక్క గోడ గురించి చెబుతాను.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పేరున అక్కడొక ద్వారం ఉంది. క్రీ.శ. 394 ఆగస్టు 24న నెస్మెటెరాఖెమ్ అనే ఐసిస్ పూజారి ఆ ద్వారం గోడ మీద ఒక దేవుడి బొమ్మ, దాని పక్కన నాలుగు మాటలు చెక్కాడు. ద్వారం రోమన్లది. దేవుడు మాండులిస్, నూబియన్ల దేవుడు. లిపి ఈజిప్టు పాత చిత్రలిపి. తన రాత ఎల్లకాలం ఉండాలని కూడా అందులో రాసుకున్నాడు. తేదీ తెలిసిన చిత్రలిపి శాసనాల్లో అదే ఆఖరిది. మూడు వేల ఏళ్ళకు పైగా సాగిన రాత ఆ గోడ మీద ఆగింది. ఆగిపోతోందని ఆయనకు తెలుసా? తెలిసే రాశాడని నాకు అనిపిస్తుంది. రుజువు మాత్రం అడగకండి.

ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి ఆ గుడి మూయించాడు. స్తంభాల మండపం చర్చి అయింది, గోడల మీదికి సిలువలు వచ్చాయి. 1799లో నెపోలియన్ సైన్యం తన రాకను ఫ్రెంచిలో చెక్కించుకుంది.

తరువాత నీళ్ళు వచ్చాయి. 1902లో పూర్తయిన ఆనకట్ట వల్ల గుడి ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉండేది. గోడల మీది రంగులు పోయాయి. ఎగువన పెద్ద ఆనకట్ట కట్టాక ఫైలే రెండింటి మధ్య చిక్కింది. నీరు రోజూ ఎక్కేది, రోజూ దిగేది. రాతికి నిలిచిన నీటికన్నా ఇలా ఎక్కి దిగే నీటితోనే ఎక్కువ చేటు.

యునెస్కో పూనుకుంది. దీవి చుట్టూ ఉక్కు పలకలను రెండు వరసలుగా దించి, నడుమ ఇసుక నింపి, లోపలి నీళ్ళు తోడేశారు. సుమారు 40 వేల రాళ్ళు విప్పి, నంబర్లు వేసి, దగ్గర్లోని ఎత్తయిన అగిల్కియా దీవి మీద మళ్ళీ పేర్చారు. ఆ దీవినీ పాత దీవి ఆకారానికి తెచ్చారు. 1980లో గుడి మళ్ళీ తెరిచారు. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన మన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా ఇలాగే విప్పి అలంపురంలో నిలబెట్టారు.

నాకు నచ్చింది ఆ ఇంజనీరింగు ఒక్కటే కాదు. అసలు గుడి ఐసిస్‌ది కదా అని సిలువలు చెరపలేదు. ఫ్రెంచి రాత గీకేయలేదు. నెస్మెటెరాఖెమ్ రాసిన గోడా ఉంది.

మీలో ఎవరైనా ఊరి గుడి జీర్ణోద్ధరణ కమిటీలో ఉంటే ఈ ఒక్క పని చేయండి. గోడ కడగకముందు, సున్నం కొట్టకముందు, రంగు వేయకముందు ప్రతి రాయినీ ఫొటో తీయండి. ఎక్కడైనా అక్షరం కనబడితే పని ఆపించండి. తెలుగైనా, తమిళమైనా, పారశీకమైనా, అర్థం కాకపోయినా ఆపించండి. ఇసుక ఊదే యంత్రాన్ని దగ్గరికి రానివ్వకండి. పురావస్తు శాఖకు కబురు పంపితే వాళ్ళు తడి కాగితం అద్ది, సిరాతో శాసనం నకలు తీసుకుంటారు. రంగు ఆ తరువాత వేసుకోవచ్చు, అక్షరాలున్న రాతిని వదిలి.