నలుగురు, ఒకే ఇంక్యుబేటర్: ఎం.టెక్ ల్యాబ్‌లో బీఓడీ పరీక్ష

[తెర మీద: ఇంక్యుబేటర్ తలుపు తెరుచుకుంటుంది. వరసగా గాజు సీసాలు, ఒక్కోదానికి నంబరు.]

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్ చేరినవాళ్లకు బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) పరీక్ష తప్పదు. మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో ఇది చెబుతుంది. మాన్యువల్‌లో చూస్తే చిన్న పనే అనిపిస్తుంది. తీరా థీసిస్ మొదలయ్యాక ఎక్కువమంది దెబ్బతినేది తేదీల దగ్గర.

భారతీయ ప్రమాణం ఐఎస్ 3025 భాగం 44 ప్రకారం మనం సీసాలను ఇంక్యుబేటర్‌లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచుతాం. అమెరికన్ పుస్తకాల్లో 20 డిగ్రీలు, 5 రోజులు. రెంటిలో ఏది చేశారో రిపోర్టులో రాయండి. రాయకపోతే ఆ అంకెను ఎవరూ దేనితోనూ పోల్చలేరు.

[తెర మీద: వారం పట్టిక. సోమ, మంగళ, శుక్రవారాలకు ఆకుపచ్చ రంగు.]

సోమవారం పెట్టిన సీసా గురువారం తీయాలి. శుక్రవారం పెడితే సోమవారం. గురువారం పెట్టారంటే ఆదివారం ల్యాబ్ తాళం కోసం వెతుక్కోవాలి. పైగా శాంపిల్‌ను 4 డిగ్రీల దగ్గర దాచినా 24 గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. అంటే హైదరాబాద్ అంబర్‌పేటలోని ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి కేంద్రానికి) క్యాన్లు పట్టుకుని ఏ రోజు వెళ్లాలన్నది కూడా ఈ పట్టిక చూసే తేల్చుకోవాలి.

ఇక చోటు సంగతి. ఒక్కొక్కరికి ఇన్‌లెట్ (ప్లాంటులోకి వచ్చే నీరు), అవుట్‌లెట్ (శుద్ధయి బయటికి వెళ్లే నీరు) అని రెండు శాంపిళ్లు. ఒక్కోదాన్ని డైల్యూషన్ వాటర్‌తో (పలుచన చేసే నీటితో) మూడు పాళ్లలో కలిపిన మూడు డైల్యూషన్లు, ప్రతిదానికీ జత సీసాలు: మొత్తం 12. వీటికి 3 బ్లాంకులు (శాంపిల్ లేకుండా డైల్యూషన్ వాటర్ మాత్రమే ఉన్న సీసాలు), 3 జీజీఏ సీసాలు (పరీక్ష సరిగ్గా జరిగిందో చూసే తెలిసిన ద్రావణం) కలిపితే 18. నలుగురూ ఎవరికి వారు పెడితే 72. ఒకే రోజు, ఒకే డైల్యూషన్ వాటర్‌తో కలిసి పెడితే బ్లాంకులు, జీజీఏ అందరికీ ఒకటే సెట్ చాలు, 54తో అయిపోతుంది. ఒక షరతు: ఆ నీళ్లు చెడితే నలుగురి వారమూ పోయినట్టే. అందుకే నీళ్లు కలిపే పని మొదటిసారి, చేయి తిరిగిన పీహెచ్‌డీ అన్న పక్కనుండగా చేయండి.

[తెర మీద: పెద్ద జాడీలో గాలి బుడగలు.]

లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు ఫాస్ఫేట్ బఫర్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాలు ఒక్కో మి.లీ. చొప్పున. బాగా గాలి పట్టించి, బుడగలు పోయేదాకా కాసేపు వదిలేయాలి. బ్లాంకులో ఆక్సిజన్ లీటరుకు 0.2 మి.గ్రా. కంటే ఎక్కువ తగ్గితే నీళ్లో, జాడీయో మురికి పట్టిందని అర్థం.

[తెర మీద: పిపెట్ కొన, 300 మి.లీ. సీసా మెడ.]

పచ్చి మురుగునీటి బీఓడీ లీటరుకు సుమారు 200 మి.గ్రా. ఉంటుందనుకుందాం. 300 మి.లీ. సీసాల్లో 3, 6, 9 మి.లీ. శాంపిల్ వేయండి. శాంపిల్ ముందు బాగా కలపాలి, మట్టి అడుగున ఉండిపోతే 3 మి.లీ.లో ఏం వచ్చిందో దేవుడికే తెలియాలి. సీసా అంచుదాకా నింపి మూతను కాస్త వాలుగా దించండి, బుడగ చిక్కకూడదు. మెడ చుట్టూ నీళ్లు పోసి పైన ప్లాస్టిక్ టోపీ పెట్టండి. ఎండిపోతే గాలి లోపలికి వెళ్తుంది.

3 రోజుల తర్వాత రెండు నియమాలు. ఆక్సిజన్ లీటరుకు కనీసం 2 మి.గ్రా. తగ్గాలి, కనీసం 1 మి.గ్రా. మిగలాలి. 6 మి.లీ. సీసాలో 7.8 నుంచి 3.6కు వచ్చిందనుకోండి. తగ్గింది 4.2. దాన్ని 300తో గుణించి 6తో భాగిస్తే 210. సున్నాకు దిగిన సీసాను లెక్కలోకి తీసుకోవద్దు. అందులో బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఎప్పుడు అయిపోయిందో మనకు తెలియదు.

జీజీఏ అంటే గ్లూకోజ్, గ్లుటామిక్ యాసిడ్, లీటరుకు చెరో 150 మి.గ్రా. దీనికి సీడ్ (బ్యాక్టీరియా ఉన్న కొద్దిపాటి ద్రవం) వేయడం మర్చిపోకండి, తినడానికి బ్యాక్టీరియా ఉండాలిగా! 20 డిగ్రీల 5 రోజుల పద్ధతిలో ఇది 198కి అటూఇటూ 30.5లో రావాలి. 27 డిగ్రీలకు మీ ల్యాబ్ పాత రిజిస్టర్ తిరగేయండి. సీనియర్లు రాసిపెట్టిన ఆ అంకెలే మీకు కొలబద్ద.

అవుట్‌లెట్ నీటిది వేరే గొడవ. క్లోరిన్ కలిపిన నీరైతే బ్యాక్టీరియా చచ్చి బీఓడీ అబద్ధంగా తక్కువ వస్తుంది. సోడియం సల్ఫైట్‌తో క్లోరిన్ తీసేసి, సీడ్ వేయాలి. క్లోరిన్ లేకపోతే దీనికి ఉల్టా జరగొచ్చు. అమ్మోనియాను తినే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ లాక్కుంటుంది, ప్లాంటు బాగా పనిచేస్తున్నా అంకె పెరుగుతుంది. అప్పుడు నైట్రిఫికేషన్ ఇన్‌హిబిటర్ (ఆ బ్యాక్టీరియా పనిని ఆపే రసాయనం) వాడి, ఆ మాట పక్కనే రాయండి.

[తెర మీద: ఇంక్యుబేటర్ తలుపుకు అంటించిన కాగితం. పేరు, పెట్టిన సమయం, తీసే సమయం, ఫోన్ నంబరుకు ఖాళీ గడి.]

ఈ కాగితం ఈ రోజే అంటించండి. కరెంటు పోయిన సమయం, మళ్లీ వచ్చిన సమయం కూడా దాని మీదే రాయండి. తలుపు తీసినవాళ్లు థర్మామీటర్ చూసి డిగ్రీలు వేస్తే చాలు, ఏ బ్యాచ్ పారేయాలో వాదన ఉండదు.