డ్యాష్‌బోర్డు విప్పకముందే ఆ శబ్దాన్ని పట్టుకోండి

(మొదటి షాట్: చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే కర్నూలు రోడ్డు. పాత ఆల్టో లోపల, డ్యాష్‌బోర్డు దగ్గర మైక్. మాటలు లేవు. టిక్, టిక్, టిక్... గుంత రాగానే గలగల.)

విన్నారా? ఆ టిక్ టిక్ వేరు, గలగల వేరు. మనం మాత్రం రెండూ కలిపేసి "అన్నా, డ్యాష్‌బోర్డులోంచి ఏదో సౌండ్ వస్తోంది" అని మెకానిక్‌కి చెప్తాం. ఆయన మొత్తం విప్పుతాడు. పదేళ్లు దాటిన బండిలో ప్లాస్టిక్ క్లిప్పులు మన ఎండలకు పెళుసెక్కి ఉంటాయి, చెయ్యి పెడితే విరుగుతాయి. పాత సౌండ్ పోయినా పోకపోయినా, కొత్తది ఒకటి మొదలవుతుంది.

అందుకే విప్పడం చివరి పని. ముందు, ఏది మారిస్తే శబ్దం మారుతోందో చూడాలి.

బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. శబ్దం దాంతోపాటే పెరిగితే కారణం ఇంజిన్ వైపు ఉంది. మారకపోతే ఇంజిన్ ఆపేసి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, బ్లోయర్‌ని, అంటే ఏసీ గాలి కొట్టే ఫ్యానుని, ఒకటి, రెండు, మూడు అని తిప్పండి.

(క్లోజప్: గ్లోవ్ బాక్స్ కిందికి దించిన చోటు. టార్చి వెలుగులో బ్లోయర్ ఫ్యాను.)

బ్లోయర్ స్పీడుతో టిక్ టిక్ పెరిగిందా? నా మొదటి అనుమానం ఎప్పుడూ వేపాకు మీదే. చెట్టు కింద పార్క్ చేస్తాం కదా, అద్దం కింద ఉన్న జాలీలోంచి ఆకులు, పుల్లలు లోపలికి జారతాయి. ఏసీ ఫిల్టర్ లేని పాత కార్లలో అవి నేరుగా ఫ్యానులోకే వెళ్తాయి. ఇదిగో చూడండి, ఎండిన ఈనె ఒకటి రెక్కల మధ్య నిలబడింది. ఫ్యాను తిరిగినప్పుడల్లా దీని కొన పక్క గోడకి తగులుతోంది. అంతే, ఇంత గొడవా దీనిదే. బ్లోయర్ ఆఫ్ చేసి, ట్వీజర్‌తో లాగేయొచ్చు. టిక్ టిక్ కాకుండా కీచుమని అరుస్తుంటే మాత్రం మోటార్ బుష్, అంటే లోపల ఇరుసు తిరిగే రింగు, అరిగింది. నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది గానీ, మోటార్ మార్చక తప్పదు.

బండి కదిలితేనే కీచుమంటూ, స్పీడో ముల్లు కూడా వణుకుతోందా? పాత మారుతి 800, అంబాసిడర్ లాంటి వాటిలో స్పీడో ముల్లుని తిప్పే కేబుల్ ఉంటుంది. అది ఎండిపోయిందన్నమాట. తెగకముందే గ్రీజు పెట్టించండి.

ఇండికేటర్ టిక్ టిక్ ఒకవైపు మాత్రమే హడావిడిగా కొడుతోందంటే ఆ వైపు బల్బు పోయి ఉంటుంది. కీ తిప్పగానే టకటకమని కొట్టుకుని స్టార్ట్ కాకపోతే బ్యాటరీ, టెర్మినళ్లు చూడండి. ఇంకోటి, హైవే మీద కావలి దాటాక బీప్ వస్తోందని కొందరికి టెన్షన్. 2019 జూలై నుంచి తయారైన కార్లలో 80 దాటితే మధ్యమధ్యలో, 120 దాటితే ఆగకుండా బీప్ వస్తుంది. రిపేరు అక్కర్లేదు, కాలు తీస్తే చాలు.

ఇక గలగల. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద దీన్ని పట్టుకోవడం తేలిక. మీరు నడపండి, పక్క సీట్లో ఒకరు అరచేత్తో డ్యాష్‌బోర్డుని అక్కడక్కడా నొక్కుతూ రావాలి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడే క్లిప్పు వదులైంది. సందులో ఫెల్ట్ టేపు ముక్క దూర్చండి. దానికంటే ముందు గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి, పైన గమ్ ఊడిన వినాయకుడి బొమ్మని ఒకసారి తీసి చూడండి. నవ్వకండి, చాలా కేసులు అక్కడే తేలతాయి. రోహిణి కార్తె ఎండలో నిలబెట్టిన బండి మొదటి పది నిమిషాలు కిర్రుమంటే మాత్రం పట్టించుకోవద్దు. వేడికి ప్లాస్టిక్ సాగుతోంది.

మలుపులో నీళ్లు తొణికినట్టు వినిపిస్తే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. నెల్లూరు ఉక్కలో ఏసీ వేస్తే బండి కింద నీళ్లు కారాలి. కారకుండా ఎడమవైపు మ్యాట్ తడుస్తోందంటే అనుమానమే లేదు.

(షాట్: బ్రేక్ పెడల్. మ్యూజిక్ ఆపాలి.)

బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ వెనక నుంచి బుస్సుమని గాలి శబ్దం ఆగకుండా వస్తూ, పెడల్ గట్టిగా తగులుతుంటే అది బ్రేక్ బూస్టర్ లీకు కావచ్చు. మెల్లగా తొక్కినా బ్రేక్ గట్టిగా పడేలా చేసేది ఈ బూస్టరే. మిగతావన్నీ వచ్చే వారం చూసుకోవచ్చు, ఇది కుదరదు. ఇంజిన్ ఆపి, పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కండి. చివరిసారి తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ బాగుంటే పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. దిగకపోతే ఆ బండిని షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.