పాస్‌వర్డ్ ఇస్తేనే ప్రేమా? క్యాంపస్ స్నేహాలపై స్టూడియో చర్చ

(క్యాంటీన్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే బల్ల దగ్గర కూర్చోవద్దని ఓ ఇంజినీరింగ్ కాలేజీ సర్క్యులర్ పెట్టింది, దాని మీద గొడవ. నలుగురికీ సమాన సమయం అన్నారు. ఎవరికెంత దక్కిందో చదవండి.)

యాంకర్: సూటిగా అడుగుతున్నా. ఫోన్ పాస్‌వర్డ్ ఇస్తేనే ప్రేమ, లేకపోతే బ్రేకప్ అంటున్నారు పిల్లలు. ఇది నమ్మకమా, నిఘానా?

సైకాలజిస్ట్: ముందు ఇంటర్ నుంచి వద్దాం. చాలా కార్పొరేట్ కాలేజీల్లో అబ్బాయిలకో క్యాంపస్, అమ్మాయిలకో క్యాంపస్. రెండేళ్లు ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ, స్టడీ అవర్లు, పక్క బెంచీవాడు కూడా ర్యాంకులో పోటీయే. అలాంటివాళ్లు బీటెక్‌కి వచ్చి మొదటిసారి ఒకరితో మనసు విప్పితే..

మాజీ ప్రిన్సిపాల్: ఆగండి మేడమ్. అలా ఉంచబట్టే సీటొచ్చింది! ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, నాకు తెలీదా? ఇవాళ ఒకే బల్ల, రేపు ఒకే బైకు, ఎల్లుండి తల్లిదండ్రులు నా గదిలో ఏడుపు!

యాంకర్: పాస్‌వర్డ్ సంగతి సార్?

ప్రిన్సిపాల్: అసలు ఫోనే ఎందుకండీ?

విద్యార్థిని: సార్, సర్క్యులర్‌తో బల్ల మారుతుంది, చాటింగ్ ఆగదు. మా రూమ్మేట్ ఫోన్‌లో ఆమె బాయ్‌ఫ్రెండ్ తన వేలిముద్ర కూడా ఎక్కించుకున్నాడు. బాధగా ఉంటే మాకు మెసేజ్ పెడుతుంది, మేం చదివేలోపే డిలీట్ చేస్తుంది. ఇప్పుడు మాతో మాట్లాడటమే తగ్గించేసింది.

యాంకర్: చూశారా, మళ్లీ ఫోన్ లాక్ దగ్గరికే వచ్చాం!

సైకాలజిస్ట్: లాక్ కాదండీ, ఆ అమ్మాయికి స్నేహితులు పోయారు, అది చూడండి. నమ్మకం ఒకేసారి రాదు. కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో చేసిన అధ్యయనంలో దగ్గరి స్నేహం కుదరడానికి 200 గంటలకు పైనే పడుతుందని తేలింది..

ప్రిన్సిపాల్: రెండొందల గంటలా! ఆ టైములో రెండు సబ్జెక్టులు పూర్తవుతాయమ్మా!

(నవ్వులు. యాంకర్ కూడా నవ్వారు. డాక్టర్ గారి మాట అక్కడే ఆగింది.)

న్యాయవాది: నేనొక్క మాట. అనుమతి లేకుండా నగ్న ఫొటోలు తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు. ప్రేమలో ఉన్నప్పుడు ఇష్టపడి పంపింది కదా అని తర్వాత..

ప్రిన్సిపాల్: అదే నేననేది! పంపే అవకాశమే ఇవ్వొద్దు! ఒకే బల్ల..

విద్యార్థిని: క్యాంటీన్‌లో కూర్చుని ఎవరూ అలాంటి ఫొటోలు పంపరు సార్! నలుగురి మధ్య మాట్లాడుకునే చోటు అదొక్కటే. అదీ తీసేస్తే ఇక ఫోనే గతి.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. 'రీల్స్', 'సంస్కృతి' అన్న మాటలే వినిపించాయి. ఆ తర్వాత రెండు నిమిషాలు హాస్టల్ బిర్యానీ గురించి నడిచింది, అదెలా వచ్చిందో ఎవరికీ తెలీదు.)

యాంకర్: చివరిగా డాక్టర్ గారూ, ముప్పై సెకన్లు. పాస్‌వర్డ్ ఇవ్వాలా, వద్దా?

సైకాలజిస్ట్: ఇవ్వనని చెప్పినా బంధం నిలబడుతుందన్న ధీమా ఉండాలి. అది స్నేహాల్లోనే అలవాటవుతుంది, అందుకే క్యాంటీన్..

ప్రిన్సిపాల్: క్యాంటీన్ తినడానికి మేడమ్! తల్లిదండ్రులంతా నా వైపే ఉన్నారు, కావాలంటే ఫోన్ లైన్లు తెరవండి!

యాంకర్: సార్ చెప్పినదాంట్లో పాయింట్ ఉంది. ఫోన్ లైన్లు బ్రేక్ తర్వాత.

విద్యార్థిని: సార్, నాకింకా..

(బ్రేక్)