కిటికీ ఊచల మీది ఉప్పు

(చెన్నై తండయార్‌పేటలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా.

"సముద్రం పక్కనే ఉన్నాం, గాలి పొగనంతా ఎప్పటికప్పుడు కడిగేస్తుంది" అని మన పేటలో అందరూ అనే మాటే. మా అమ్మ కూడా అనేది. అందులో కొంత నిజం ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే పొగ పలచబడుతుంది. కానీ అది మన పొగను పడమటికి తోస్తుంది, అంతే. రాత్రికి నేల మీది గాలి సముద్రం వైపు మళ్లుతుంది. అటు వెళ్లిన దాంట్లో కొంత మర్నాడు తిరిగి మన మీదికే వస్తుంది.

ఎన్నిసార్లు రంగు వేయించినా మన కిటికీ ఊచలు తుప్పు పడతాయి కదా, అక్కడి నుంచి మొదలుపెడతాను. అల విరిగినప్పుడు నురగలో బుడగలు పగిలి సన్నటి తుంపర లేస్తుంది. నీరు ఆరిపోతే ఉప్పు రేణువు మిగులుతుంది. ఇవి ఎక్కువగా పెద్ద రేణువులు, పీఎం10 లెక్కలోకి వస్తాయి. పీఎం10 అంటే గాలిలో తేలే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీఎం2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది, పోల్చుకోండి.

సముద్రపు నీటిలో ఒక గ్రాము సోడియం ఉంటే క్లోరైడ్ సుమారు 1.8 గ్రాములు ఉంటుంది. బంగాళాఖాతమైనా, అరేబియా సముద్రమైనా దాదాపు ఇదే లెక్క. కెమిస్ట్రీలో నాకు బాగా ఇష్టమైన లెక్కల్లో ఇదొకటి, ఎందుకో చెబుతాను. గాలిలోని దుమ్మును ఫిల్టర్ మీద పట్టి, నీళ్లలో కరిగించి కొలుస్తారు. అందులోది సముద్రపు ఉప్పే అయితే 1.8 రావాలి. తక్కువ వస్తే? బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండకు నైట్రిక్ యాసిడ్‌గా మారతాయి. అది ఉప్పును తాకితే క్లోరిన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరై లేచిపోతుంది, రేణువులో సోడియం నైట్రేట్ మిగులుతుంది. తీరంలో బయల్దేరినప్పుడు ఉప్పే, మన వాకిట్లోకి వచ్చేసరికి సురేకారం జాతి పదార్థం.

ఎక్కువ వస్తే, దగ్గర్లో ప్లాస్టిక్ ఉన్న చెత్త కాలుతోందేమోనని అనుమానించాలి. ఫ్యాక్టరీల నుంచీ రావచ్చు. ఐఐటీ మద్రాసు శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఢిల్లీ గాలిలో క్లోరైడ్ ఎప్పుడూ ఎక్కువే ఉందని, చెన్నైలో అప్పుడప్పుడు ఎగబాకుతోందని చెప్పారు. ఆ "అప్పుడప్పుడు" అన్న మాటే నన్ను కలవరపెడుతుంది.

ఇక సన్న రేణువులు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేవి ఇవే. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. మురుగు నుంచి, పశువుల పేడ నుంచి లేచే అమ్మోనియా దానితో కలిస్తే అమ్మోనియం సల్ఫేట్ తయారు. ఇది ఏ చిమ్నీ నుంచీ నేరుగా రాదు, గాలిలోనే పుడుతుంది. ఓడల నూనె మండితే వెనేడియం, నికెల్ జాడ మిగులుతుంది. ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 2020 జనవరి 1 నుంచి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. మంచి పని. రోడ్డు దుమ్ములో అల్యూమినియం, సిలికాన్, కాల్షియం ఉంటాయి, దాన్ని గుర్తుపట్టడం తేలిక.

2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో చెన్నై పోర్టులో బొగ్గు దింపడం ఆగి, ఎన్నూరుకు మారింది. పోర్టు పక్కనున్న రాయపురం వాళ్లకు ఊరట. ఎన్నూరులోనూ మనలాంటి మనుషులే ఉన్నారని మాత్రం మర్చిపోకూడదు.

పీఎం2.5కి మన దేశం 2009లో పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. గాలి నాణ్యత చూపించే బోర్డు మీద మనకు కనిపించే పీఎం2.5 అంకె బరువు నుంచి లెక్కకట్టిందే. ఒక మైక్రోగ్రాము సముద్రపు ఉప్పు, ఒక మైక్రోగ్రాము టైరు మసి ఆ అంకెలో సమానం. మన ఛాతీలో సమానం కాదు. అందుకే "ఎంత ఉంది" అని అడిగి ఊరుకోకండి, "ఏముంది" అని కూడా అడగండి. ఈ పేటలో ఏడాది పొడవునా ఫిల్టర్లు పెట్టి, రసాయనాలు కొలిచి, ఆ లెక్కలు మనకు చూపించమని అర్జీ రాశాను. బయట బల్ల మీద ఉంది, సంతకం పెట్టండి.

2018 భోగి నాడు పొగకు విమానాలు చెన్నైలో దిగలేక వేరే ఊళ్లకు మళ్లాయి. పిడకలు, ఎండు కట్టెలతో మంట వేసుకుందాం, పిల్లలకు ఆ సరదా ఉండాలి. పాత టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, రెగ్జిన్ సంచులు మాత్రం వద్దు. భోగి ముందు రోజు సాయంత్రం 5 నుంచి 8 దాకా నేనూ, మన కుర్రాళ్లూ గోనె సంచులతో కాలనీ గేటు దగ్గర ఉంటాం. తెచ్చి ఇవ్వండి. మేడ దిగలేని పెద్దవాళ్లు కబురు పెడితే ఇంటికే వచ్చి తీసుకెళ్తాం.