రోడ్డు వెడల్పులో మీ స్థలం పోతోందా? ఎర్ర గీత తర్వాత ఏమి జరగాలి

[దృశ్యం: ఊరి నడిబొడ్డున ఇరుకు రోడ్డు. ఇళ్ల ప్రహరీల మీద ఎర్ర రంగు గీతలు.]

నమస్కారం. ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తారని కొన్నాళ్లుగా వింటున్నారు. ఒక రోజు సిబ్బంది టేపుతో వచ్చి కొలిచి, మీ గోడ మీద ఎర్ర గీత గీసి, "ఇక్కడి వరకు పోతుంది" అని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రానికే ఇరుగుపొరుగు వారు మీ ముందు గది పోయినట్టే మాట్లాడుతున్నారు.

పోలేదు. ఆ గీత కొలతకు గుర్తు, అంతే. దానితో ఒక్క గజం కూడా చేతులు మారదు.

ముందుగా మీ గోడ మీ హద్దులోనే ఉందా, రోడ్డు పోరంబోకులోకి జరిగిందా అన్నది సర్వే పటంలో, దస్తావేజులో చూసుకోండి. పోరంబోకులో ఉంటే అది వేరే వ్యవహారం. హద్దులోనే ఉంటే ఈ వీడియో మీ కోసమే.

[తెర మీద: రాజ్యాంగం, 300ఏ అధికరణ]

ఆస్తి హక్కు 1978 నాటి రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగిపోయింది. అయితే 300ఏ అధికరణ ఉంది. చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని అది చెబుతోంది. దాని బలం తెలియాలంటే హిమాచల్ ప్రదేశ్‌లో జరిగిన ఒక విషయం వినాలి.

[దృశ్యం: కొండ దారి, పక్కన పొలాలు]

నదౌన్–సుజాన్‌పూర్ జిల్లా రోడ్డు కోసం 1967-68లో ఒక మహిళ భూమిని ప్రభుత్వం తీసుకుంది. నోటీసు లేదు, పరిహారం లేదు. ఆమెకు చదువు రాదు, తన హక్కు గురించి చెప్పేవారూ లేరు. అదే రోడ్డులో భూమి పోయిన ఇతరులు కోర్టుకు వెళ్లి గెలిచాక, 2010లో ఆమె కూడా హైకోర్టుకు వెళ్లారు. ఇన్నేళ్లుగా మా స్వాధీనంలో ఉంది కనుక ఆ భూమి మాదేనని ప్రభుత్వం వాదించింది. సొంత పౌరురాలి భూమి మీద ప్రభుత్వం చేసిన వాదన ఇది! 2020 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, భూసేకరణ జరిగినట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి ఆమెకు దాదాపు 80 ఏళ్లు.

అన్నేళ్లు ఎదురుచూసే పరిస్థితి మీకు రాకూడదంటే, గీత పడిన వారంలోనే ఆ పని చేయిస్తున్న శాఖకూ, కలెక్టర్ కార్యాలయానికీ రాతపూర్వకంగా ఒక ప్రశ్న పంపండి: నా సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఏ నోటిఫికేషన్ కింద తీసుకుంటున్నారు?

[తెర మీద: 2013 భూసేకరణ చట్టం]

1894 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి. అది గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయంలో కనిపించాలి. అది వెలువడిన 60 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వవచ్చు. కలెక్టర్ మీ మాట స్వయంగా వినాలి. ఆ తర్వాత భూమి తీసుకుంటున్నట్టు ప్రకటన, చివరగా అవార్డు, అంటే పరిహారం నిర్ణయించే ఉత్తర్వు. డబ్బు పూర్తిగా ఇచ్చాకే స్వాధీనం. జాతీయ రహదారులకు వేరే చట్టం, అక్కడ అభ్యంతరాలకు గడువు 21 రోజులే.

ఇక పరిహారం. దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం.

రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. చుట్టుపక్కల అలాంటి భూములకు గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో, ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకొకటి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. గ్రామాల్లో దీన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. ఇల్లు, బావి, చెట్ల విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు అదనంగా అంతకు అంత. దీనికి తోడు మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మన ఊళ్లలో స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి అమ్మకం ధరను తక్కువ చేసి రాయడం మామూలైపోయింది. ఆ కాగితాలే రేపు మీ భూమి ధరను కిందికి లాగుతాయి. కాబట్టి చుట్టుపక్కల ఎక్కువ ధరకు రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు సేకరించి అధికారికి ఇవ్వండి. పంచనామా రోజున, అంటే సిబ్బంది మీ స్థలంలో ఉన్నవన్నీ రాసుకునే రోజున, ఎంత పనున్నా ఇంటి దగ్గరే ఉండండి. బోరు, వేపచెట్టు, రేకుల పాక ఏదీ వదలకుండా రాయించండి. రాయనిదానికి పైసా రాదు.

[దృశ్యం: ముందు గది కూల్చేసిన ఇల్లు]

చాలామందికి తెలియని సెక్షన్ 94 గురించి చెప్పాలి. ఇంటిలో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం ఇల్లు తీసుకోండని యజమాని కోరవచ్చు. పడక గది మధ్య నుంచి రోడ్డు పోతే మిగిలినది ఇల్లు అవుతుందా? పొలం రెండు ముక్కలైతే, ఆ నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలి. ఈ రెండూ మీరు అడిగితేనే కదులుతాయి. భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడ సాగు చేస్తూ బతుకుతున్న కౌలు రైతు కుటుంబాలనూ చట్టం బాధితులుగానే గుర్తిస్తుంది. వారిని మరిచిపోకండి.

పట్టణాల్లో డబ్బుకు బదులు టీడీఆర్ పత్రం ఇస్తామంటారు. ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు అది. మీరు కట్టుకోకపోతే ఎవరికైనా అమ్ముకోవాలి, కొనేవారు దొరకాలి. పెద్ద స్థలమున్న వారికి లాభం కావచ్చు. 40 గజాల కిరాణా కొట్టు యజమానికి డబ్బే కావాలని నా అభిప్రాయం. టీడీఆర్ వద్దనే హక్కు మీకుంది. అలాగే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు అందులో ధర, విస్తీర్ణం, చెల్లించే గడువు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఖాళీ గడులున్న కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం వద్దు.

[తెర మీద: ఆరు వారాలు]

అవార్డు మొత్తం తక్కువనిపిస్తే, ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే ఆరు వారాల్లోపు 64వ సెక్షన్ కింద కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం చేయండి. ఆ మాట లేకుండా తీసుకుంటే దరఖాస్తు చేసే హక్కు పోతుంది.